తెర మీద బిజినేపల్లి: తొలి ఇంటి కంప్యూటర్లలో బొమ్మ ఎట్లా పుట్టేది

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారని తప్పించుకోబోయాను. "నువ్వు ఇంజనీరువు గదా, నీ పని గురించే రాయి" అన్నారు. నా పని గురించి రాయాలంటే, మన బడిలో లెక్కల సారుకు నేను చెప్పిన ఒక తప్పు జవాబు దగ్గర మొదలుపెట్టాలి. ఆ తప్పు తప్పని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. సరైన జవాబు చెప్పుదామని వచ్చేసరికి సారు లేరు. అందుకని ఆ జవాబును ఇక్కడ, మీ అందరి ముందు అప్పజెబుతున్నాను.

1986 వేసవి. పదో తరగతి పరీక్షలు రాసి హైదరాబాదులో మా మేనమామ ఇంటికి పోయాను. మామ ఒక బడిలో గుమాస్తా. ఆ బడికి కొత్తగా కంప్యూటర్లు వచ్చాయి. వాటికొక గది, గదికొక తాళం, గడప బయట చెప్పులు విడిచే చోటు, ఒక్కొక్క యంత్రం మీద పూలపూల గుడ్డ. పిల్లలు వారానికోసారి వరుసలో వచ్చి, చేతులు కట్టుకొని చూసి పోయేవాళ్ళట. సెలవుల్లో ఆ గది ఊడ్పించి, దుమ్ము దులిపించే బాధ్యత మామది. ఆ పుణ్యాన పదకొండు రోజులు, రోజుకు రెండు గంటలు, ఒక కంప్యూటర్ ముందు కూర్చునే అదృష్టం దక్కింది. పక్కన దాని పుస్తకం ఉంది. అర్థమైనంత చదివాను, మిగతాది కొట్టి చూశాను.

ఊరికి తిరిగొచ్చి, మార్కుల మెమో కోసం బడికి పోయినప్పుడు సారుకు గొప్పగా చెప్పాను. కంప్యూటర్‌తో తెర మీద గీతలు గీశానని, రంగులు మార్చానని. సారు శ్రద్ధగా విన్నారు. విని, "అయితే చెప్పురా, ఆ బొమ్మ తెర మీదికి ఎట్ల వస్తది?" అని అడిగారు.

"లోపల కంప్యూటర్ గీస్తది సార్. ఒకసారి గీసినంక తెర మీద ఉండిపోతది, బోర్డు మీద చాక్‌పీసు గీత లెక్క" అన్నాను.

సారు కొంచెంసేపు కిటికీలోంచి చూసి, "బోర్డు మీది గీత కరెంటు పోయినా ఉంటది గదరా. మరి తెర మీదిది ఎందుకు పోతది? ఉండిపోయేదే అయితే పోవద్దు గదా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. "తెలుసుకొని చెప్పు" అన్నారు. అంతే.

ఉండిపోని బొమ్మ

సారు ప్రశ్నలోనే జవాబు ఉంది. బొమ్మ ఉండిపోదు. ఆ కాలపు టీవీ తెర అంటే గాలి తీసేసిన ఒక పెద్ద గాజు బుడ్డి. వెనక సన్నటి మెడలోంచి ఎలక్ట్రాన్ల ధార వస్తుంది. తెర లోపలి వైపు పూసిన పదార్థానికి ఆ ధార తగిలిన చోట చుక్క వెలుగుతుంది. ధార పక్కకు జరగగానే ఆ చుక్క ఆరిపోవడం మొదలవుతుంది. అయినా మనకు నిండు బొమ్మ కనిపిస్తుందంటే, ధార క్షణం కూడా ఆగకుండా తెరనంతా తిరిగి తిరిగి ఊడుస్తున్నది కనుక.

మన దేశపు టీవీ పద్ధతిలో ఒక నిండు బొమ్మకు 625 అడ్డగీతలు. సెకనుకు 25 నిండు బొమ్మలు. అంటే సెకనుకు 15,625 గీతలు. ఒక్కొక్క గీతకు దొరికే సమయం 64 మైక్రోసెకండ్లు. ఎడమ నుంచి కుడికి గీయడం, వెలుగు ఆర్పేసుకొని మళ్ళీ ఎడమ కొసకు రావడం, రెండూ అందులోనే. కింది కొసకు చేరాక మళ్ళీ పైకి. టీవీ ఎవరి కోసమూ ఆగదు. ఏ గీతలో ఏ చోట ఎంత వెలుగు కావాలో దానికి ఆ క్షణానికే చెప్పాలి. ఒక్క మైక్రోసెకండు ఆలస్యమైనా ఆ చుక్క జరిగిపోయి పక్కన పడుతుంది.

మన వైపు వాళ్ళకు దీన్ని చెప్పడానికి గద్వాల మగ్గం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. నేతగాడు చీర అంచు మీద పువ్వును మనలాగా గీయడు. పేక నూలు ఒక్కొక్క వరుసే పడుతుంది. జకార్డు మగ్గం పైన అట్టలు వరుసగా తిరుగుతుంటాయి. అట్టలో రంధ్రం ఉన్న చోట పడుగు పోగు లేస్తుంది, లేని చోట లేవదు. నాడె ఇటు నుంచి అటు పోయేలోపు ఆ వరుసకు సంబంధించిన పోగులన్నీ లేచి ఉండాలి. పువ్వు మొత్తంగా ఎట్లా ఉంటుందో మగ్గానికి తెలియదు. దానికి తెలిసింది ఈ వరుసలో ఏ పోగు పైన, ఏ పోగు కింద అన్నది ఒక్కటే. టీవీ తెర కూడా అట్లాంటిదే. తేడా ఏమిటంటే, చీర నేస్తే నిలుస్తుంది. తెర మీద నేసింది నేసినట్టే కరిగిపోతుంటుంది కాబట్టి దాన్ని సెకనుకు పదుల సార్లు మళ్ళీ నేయాలి.

ఆ అట్టలను సరైన వేళకు తిప్పే పనే తొలి కంప్యూటర్లలో గ్రాఫిక్స్ చిప్పుది.

టీవీయే ఎందుకు?

అసలు కంప్యూటర్‌ను టీవీకి ఎందుకు తగిలించాలి? ఇంట్లో ఉన్న తెర అదొక్కటే కనుక. మన రాష్ట్రంలో చాలా పల్లెలకు టీవీని పరిచయం చేసింది సైట్ అనే ఉపగ్రహ ప్రయోగం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళకు ఉపగ్రహం నుంచి నేరుగా కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీవీలను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. 1967లో డాక్టర్ ఏ.ఎస్. రావు గారి ఆధ్వర్యంలో మొదలైన ఆ సంస్థ టీవీలతో పాటు కంప్యూటర్లు కూడా చేసింది. 1969లో వచ్చిన టీడీసీ-12 వాళ్ళదే. కానీ అవి ప్రయోగశాలలకూ పెద్ద సంస్థలకూ పనికొచ్చే భారీ యంత్రాలు. ఇంటి బల్ల మీద పెట్టుకొని, ఇంటి టీవీకి తగిలించుకునే కంప్యూటర్ల కాలం అమెరికాలో 1977 ప్రాంతంలోనూ, బ్రిటన్‌లో 1980 తరువాతా మొదలైంది.

మొదటి చిక్కు జ్ఞాపకశక్తి. అప్పట్లో మెమరీ చిప్పులు బంగారమంత ప్రియం. 1977లో వచ్చిన అటారి 2600 అనే ఆటల పెట్టెలో ఉన్న మెమరీ మొత్తం 128 బైట్లు. ఇందులో బొమ్మను దాచుకునే మాటే లేదు. దానిలోని టియా అనే చిప్పు ఒక్క గీతకు సరిపడే సమాచారమే పట్టుకోగలదు. కాబట్టి ఆట రాసే మనిషి, ధార తెర మీద ఎక్కడుందో లెక్కపెట్టుకుంటూ, ప్రతి గీతకూ ముందే కావలసిన అంకెలు చిప్పుకు అందించాలి. నేతగాడు ఒక్కొక్క అట్టను అప్పటికప్పుడు కత్తిరించి మగ్గానికి తొడిగినట్టన్నమాట.

మెమరీ కొంచెం చవకయ్యాక రెండో పద్ధతి వచ్చింది. తెర మీది ప్రతి చుక్కకూ మెమరీలో ఒక చోటు కేటాయించి, అక్కడ అంకెలు పెడితే చాలు. గ్రాఫిక్స్ చిప్పు తనంతట తాను ఆ అంకెలను వరుసగా చదివి టీవీకి పంపిస్తూ ఉంటుంది. నేను మామ బడిలో చూసిన యంత్రం ఈ రెండో రకానిది.

బీబీసీ మైక్రో

దాని పేరు బీబీసీ మైక్రో. బ్రిటన్‌లో బీబీసీ సంస్థ ప్రజలకు కంప్యూటర్ చదువు నేర్పాలని చేపట్టిన కార్యక్రమం కోసం ఏకార్న్ అనే చిన్న కంపెనీ దీన్ని తయారుచేసింది. అమ్మకానికి వచ్చింది 1981 చివర్లో. రూపకర్తల్లో ముఖ్యులు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్. మన దేశంలో 1984లో క్లాస్ పేరుతో పాఠశాలల్లో కంప్యూటర్ పరిచయ పథకం మొదలైనప్పుడు ఎంచుకున్నది ఈ యంత్రాన్నే. మొదటి విడతలో దేశం మొత్తం మీద సుమారు 250 బడులు. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ లైసెన్సు తీసుకొని దీన్ని ఇక్కడ కూడా తయారుచేసింది. 1989 ఫిబ్రవరిలో ఆ సంస్థలో జరిగిన భారీ అగ్నిప్రమాదం మన దేశపు చిప్పుల తయారీని చాలా ఏళ్ళు వెనక్కి నెట్టింది. అది వేరే కథ, ఇంకా పెద్ద కథ.

బీబీసీ మైక్రోలో మెమరీ 32 కిలోబైట్లు. బొమ్మ పనిని రెండు చిప్పులు పంచుకునేవి.

ఒకటి మోటరోలా వారి 6845. దీనికి బొమ్మ అంటే తెలియదు, రంగు అంటే తెలియదు. ఇది ఉత్త లెక్కగాడు. ఇప్పుడు ఎన్నో గీత, గీతలో ఎన్నో గడి, మెమరీలో ఎన్నో చోటు, గీత ఎప్పుడు అయిపోయింది, తెర ఎప్పుడు నిండింది: ఈ లెక్కలు వేసి మెమరీకి చిరునామా ఇస్తుంది, టీవీకి సైగ ఇస్తుంది. ఈ లెక్కగాడి వల్ల ఒక లాభం ఉంది. తెర మీది అక్షరాలన్నీ ఒక వరుస పైకి జరగాలంటే 20 కిలోబైట్లను మోయనక్కరలేదు. "లెక్క ఇక్కడి నుంచి కాదు, తరువాతి వరుస నుంచి మొదలుపెట్టు" అని 6845కు చెబితే చాలు.

రెండోది వీడియో యూఎల్ఏ. ఫెరాంటి అనే బ్రిటిష్ కంపెనీ సగం తయారైన చిప్పులు అమ్మేది. లోపలి భాగాలు ముందే ఉంటాయి, వాటిని కలిపే చివరి లోహపు పొర మాత్రం కొనేవాళ్ళ అవసరాన్ని బట్టి వేస్తారు. సగం కుట్టిన చొక్కాకు కొలత చూసి చేతులు అతికించినట్టు. సొంతంగా మొత్తం చిప్పు చేయించే డబ్బు లేని చిన్న కంపెనీలు ఈ దారి పట్టాయి. ఈ చిప్పు మెమరీ నుంచి వచ్చిన ఒక్కొక్క బైటును చుక్కలుగా విడదీసి, ఏ అంకెకు ఏ రంగో చూసి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగల మీద పంపేది. మూడు తీగలు, ఒక్కొక్కటి ఉంటే ఉంది లేకుంటే లేదు. రెండును రెండుతో, మళ్ళీ రెండుతో గుణిస్తే ఎనిమిది. అందుకే దానికి ఎనిమిదే రంగులు.

ఒక బైటు అంటే ఎనిమిది బిట్లు. దాన్ని ఎట్లా పంచుకుంటామన్నది మన ఇష్టం. మోడ్ 0లో ఎనిమిది బిట్లు ఎనిమిది చుక్కలు: అడ్డం 640, నిలువు 256, రెండే రంగులు. మోడ్ 1లో చుక్కకు రెండు బిట్లు: 320 చుక్కలు, నాలుగు రంగులు. మోడ్ 2లో చుక్కకు నాలుగు బిట్లు: 160 చుక్కలే, ఎనిమిది రంగులు, ఆ ఎనిమిదీ మినుకుమినుకుమనే ఇంకో వరుస. మూడింటికీ 20 కిలోబైట్లే. సన్నటి గీత కావాలంటే రంగు వదులుకోవాలి, రంగు కావాలంటే సన్నదనం వదులుకోవాలి. 32లో 20 బొమ్మకు పోతే మిగిలింది 12. అందులో యంత్రం తన సొంతానికి మూడున్నర ఉంచుకుంటుంది. మనం రాసే ప్రోగ్రాముకు దక్కేది ఎనిమిదిన్నర కిలోబైట్లు. ఇప్పుడు మన అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో శుభోదయం అంటూ వచ్చే ఒక్క పూలబొమ్మ దీనికి ఎన్నో రెట్లు.

ఒకే తూము, ఇద్దరు రైతులు

ఇక్కడ అసలు చిక్కు మొదలవుతుంది. మెమరీ ఒకటే. దాన్ని గ్రాఫిక్స్ చిప్పూ చదవాలి, లెక్కలు చేసే ప్రాసెసరూ వాడాలి. ఒకేసారి ఇద్దరికీ ఇవ్వడం మెమరీకి చేతకాదు. చెరువు తూము కింద ఇద్దరి పొలాలున్నట్టు. అందులో ఒకరి పైరు 64 మైక్రోసెకండ్లలో ఎండిపోయేది.

1982లో వచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్ దీన్ని గద్దింపుతో తీర్చింది. దాని యూఎల్ఏ చిప్పు బొమ్మ గీస్తున్నప్పుడు ప్రాసెసర్ అదే మెమరీ కోసం వస్తే, ప్రాసెసర్ గడియారాన్నే ఆపేసేది. తన పని అయ్యాక వదిలేది. మెమరీ పొదుపు కోసం ఇంకో ఉపాయం కూడా చేసింది. 256 అడ్డం, 192 నిలువు చుక్కలకు 6,144 బైట్లు. రంగును మాత్రం చుక్క చుక్కకూ ఇవ్వకుండా, ఎనిమిది బై ఎనిమిది చుక్కల గడికి రెండే రంగులని నియమం పెట్టింది. 768 గడులకు 768 బైట్లు. మొత్తం 6,912 బైట్లలో రంగుల తెర. అందుకే ఆ ఆటల్లో ఎర్రబొమ్మ పచ్చచెట్టు పక్కకు పోతే చెట్టుకూ ఎరుపు అంటుకునేది. మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ దీన్నే డీబీ స్పెక్ట్రమ్ పేరుతో అమ్మింది.

బీబీసీ మైక్రో రూపకర్తలు నీరటి చేసే పని చేశారు. వంతులు పెట్టారు. ప్రాసెసర్‌కు అర మైక్రోసెకండుకు ఒక బైటు కావాలి. తెరకు కూడా, 20 కిలోబైట్ల మోడ్‌లలో, సరిగ్గా అర మైక్రోసెకండుకు ఒక బైటు కావాలి. అయితే పావు మైక్రోసెకండుకు ఒక బైటు ఇవ్వగల మెమరీ దొరికితే, ఒక వంతు నీకు, ఒక వంతు నాకు. ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. అంత వేగంగా పనిచేసే మెమరీ చిప్పులు అప్పట్లో అరుదు. వెతికి పట్టుకున్నారు. యంత్రం ధర పెరిగింది, కానీ తెర మీద ఎంత బొమ్మ ఉన్నా లెక్కల వేగం తగ్గలేదు.

ఈ వంతుల్లో ఇంకో మేలు కలిసొచ్చింది. ఆ రకం మెమరీ చిప్పుల్లో ప్రతి బిట్టూ ఒక చిన్న విద్యుత్ బొట్టు. అది కారిపోతుంటుంది. కొన్ని మిల్లీసెకండ్లకోసారి చదివి మళ్ళీ నింపకపోతే మరచిపోతుంది. బీబీసీ మైక్రోలో తెర కోసం మెమరీని ఎట్లాగూ ఆపకుండా చదువుతున్నారు కాబట్టి, ఆ చదువుతోనే మెమరీ తాజాగా ఉండేది. రోజూ ఎక్కాలు అప్పజెప్పించిన సార్ల దగ్గర చదివిన మనకు ఇది కొత్తగా చెప్పక్కరలేదు.

సున్న నుంచి ల్లి దాకా

ఇప్పుడు నా పదకొండు రోజుల సంగతి. గీతలు, వృత్తాలు గీయడం అయిపోయాక నాకు ఊరి పేరు తెలుగులో రాయాలనిపించింది. పుస్తకంలో ఒక ఆజ్ఞ కనిపించింది. వీడీయూ 23 అని కొట్టి, ఒక అక్షరం సంఖ్య, తరువాత ఎనిమిది అంకెలు ఇస్తే మనకు కావలసిన ఆకారాన్ని యంత్రం అక్షరంగా నేర్చుకుంటుంది. ఎనిమిది అంకెలు అంటే ఎనిమిది వరుసలు. ఒక్కొక్క వరుసలో ఎనిమిది గడులు. ఎడమ నుంచి వాటి విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. నింపిన గడుల విలువలు కూడితే ఆ వరుస అంకె వస్తుంది.

మొదట సున్న చేశాను. పై వరుసలో మధ్య నాలుగు గడులు: 32, 16, 8, 4 కలిపితే 60. రెండో వరుసలో అటొకటి ఇటొకటి: 64, 2 కలిపితే 66. తరువాత నాలుగు వరుసల్లో రెండు కొసలు: 129. మళ్ళీ 66, మళ్ళీ 60. గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపి, కూడి, అంకెలు కొట్టి మీట నొక్కితే తెర మీద గుండ్రటి సున్న. లెక్కల సారు నేర్పిన కూడికలు తెర మీద తెలుగు ముక్కగా కనబడ్డాయి. ఆ రోజు మామ వచ్చి తాళం వేసుకుంటానంటే లేవలేదు.

కానీ బిజినేపల్లి ఆ గడిలో పట్టలేదు. ఇంగ్లీషు అక్షరానికి ఎనిమిది బై ఎనిమిది సరిపోతుంది. మన బి మీద గుడి, నే మీద ఏత్వం, అన్నిటికీ మించి ల్లి: పైన గుడి, మధ్యలో ల, కింద వత్తు. చివరికి ఒక్కో అక్షరానికి నాలుగు గడులు తీసుకున్నాను, అడ్డం రెండు, నిలువు రెండు. ఐదు అక్షరాలకు ఇరవై గడులు, గడికి ఎనిమిది చొప్పున 160 అంకెలు. ఆ యంత్రం మామూలుగా మన సొంత ఆకారాలకు ఇచ్చేది 32 గడులు. ఊరి పేరు ఒక్కటే అందులో ఇరవై తినేసింది. మిగిలిన పన్నెండులో మూడక్షరాలు. గుణింతాలు, వత్తులు ఎక్కడ పెట్టాలి?

ఇంకో సంగతి అప్పుడు అర్థం కాలేదు. మోడ్ 4లో ఊరి పేరు చక్కగా వచ్చింది. యంత్రం పెట్టగానే వచ్చే మోడ్ 7లో మాత్రం ఎంత కొట్టినా పిచ్చి గుర్తులే. ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు కారణం తెలిసింది. మోడ్ 7లో తెర చుక్కల అంకెలు మెమరీలో ఉండవు. అక్షరాల సంఖ్యలు మాత్రమే ఉంటాయి: వరుసకు 40 చొప్పున 25 వరుసలు, అంటే 1,000 బైట్లు. ఒక్కో సంఖ్యను ఎస్ఏఏ 5050 అనే వేరే చిప్పు చదివి, తన కడుపులో శాశ్వతంగా పోసిపెట్టిన ఆకారాల్లోంచి చుక్కలు తీసి తెరకు పంపుతుంది. అది టీవీలో టెలిటెక్స్ట్ వార్తల కోసం చేసిన చిప్పు. దానికి తెలిసింది ఇంగ్లీషు అక్షరాలే. జర్మన్, ఇటాలియన్, స్వీడిష్ వంటి భాషలకు వేరే చిప్పులు వచ్చాయి. పోసిన అచ్చును బయటి నుంచి మార్చలేము.

అంటే లెక్క ఇది. ఇంగ్లీషులో నిండు తెరకు ఒక్క కిలోబైటు చాలు. అదే తెర మీద తెలుగు కావాలంటే చుక్క చుక్కా మనమే గీసుకోవాలి, దానికి 10 కిలోబైట్లు. ఎవరూ తెలుగు మీద కోపంతో చేసింది కాదు. చిప్పు గీసిన బల్ల దగ్గర మన అక్షరం తెలిసినవాళ్ళు లేరు, అంతే. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, తరువాత సీడాక్ చేతికి వచ్చిన జిస్ట్ పరిశోధన తీర్చింది ఈ సమస్యనే. కంప్యూటర్ లోపల ఒక కార్డు తొడిగితే భారతీయ లిపులు తెర మీద కనిపించేవి. లిపి తెలిసినవాళ్ళు చిప్పుల దగ్గర కూర్చున్నప్పుడు అది సాధ్యమైంది.

ఆటబొమ్మల చిప్పులు

తొంభైల్లో టీవీకి పెట్టె తగిలించి మేరియో, కాంట్రా ఆడిన మన తమ్ముళ్ళ బ్యాచ్‌ల కోసం ఒక మాట. ఆ పెట్టెల్లో చాలావరకు జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కు నకళ్ళు. పరుగెత్తే బొమ్మను కదిలించాలంటే పాత చోట చెరిపి, వెనకున్న చెట్టును మళ్ళీ గీసి, కొత్త చోట బొమ్మ గీయాలి. ఆ ప్రాసెసర్లకు అంత తీరిక లేదు. అందుకని గ్రాఫిక్స్ చిప్పుకే స్ప్రైట్ అనే విద్య నేర్పారు. కదిలే బొమ్మను వెనక తెరలో అసలు గీయరు. విడిగా ఉంచి, దాని చోటు మాత్రం చెబుతారు. ధార ఆ చోటికి వచ్చినప్పుడు చిప్పు చెట్టు చుక్కకు బదులు బొమ్మ చుక్కను పంపుతుంది. తోలుబొమ్మలాటలో తెరను కదపకుండా బొమ్మను కదిపినట్టు. 1982 నాటి కామడోర్ 64లో ఎనిమిది స్ప్రైట్లు, ఒక్కోటి 24 బై 21 చుక్కలు. ఫామికామ్‌లో 64, కానీ ఒక గీత మీద ఎనిమిదికి మించి చూపలేదు. తెర మీద శత్రువులు ఎక్కువైనప్పుడు బొమ్మలు మినుకుమినుకుమనడం గుర్తుందా? పెట్టె పాడైందని తలమీద కొట్టేవాళ్ళు. పాడవలేదు. తొమ్మిదోవాడికి చోటు లేక వంతులవారీగా చూపించేది.

సారుకు జవాబు

నేను ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని ఈ వంతుల పనే. ఫోన్లలో తెరకు చుక్కలు అందించే భాగాన్ని, చిప్పు తయారు కాకముందే, అన్ని రకాలుగా పరీక్షిస్తాము. అంకెలు పెరిగాయి. బీబీసీ మైక్రో సెకనుకు 50 సార్లు 20 కిలోబైట్లు చదివేది, అంటే సెకనుకు సుమారు పది లక్షల బైట్లు. 1,080 బై 2,400 చుక్కలున్న ఫోను తెరకు, చుక్కకు నాలుగు బైట్ల చొప్పున, సెకనుకు 60 సార్లయితే 62 కోట్ల బైట్లు. కానీ సమస్య మారలేదు. మెమరీ ఒకటే, అడిగేవాళ్ళు పదిమంది, తెర మాత్రం ఆగదు. ఒక్క వంతు తప్పితే బొమ్మ చిరుగుతుంది. అటువంటి చిరుగు ఒకటి పట్టుకోవడానికి నేను నెలలు గడిపిన సందర్భాలున్నాయి.

బీబీసీ మైక్రో చేసిన విల్సన్, ఫర్బర్‌లే 1985లో ఆర్మ్ అనే ప్రాసెసర్‌ను రూపొందించారు. ఈ సంచిక చదువుతున్న ప్రతి ఒక్కరి జేబులోని ఫోనులో ఉన్నది దాని వంశమే. ఎన్విడియా, ఏఎండీ, క్వాల్‌కామ్ వంటి కంపెనీలకు హైదరాబాదులో డిజైన్ కేంద్రాలున్నాయి. మన ఊరి నుంచి మూడు గంటల ప్రయాణం. అక్కడి క్యాంటీన్లలో పాలమూరు మాట నాకు చాలాసార్లు వినబడింది.

కాబట్టి సార్, జవాబు ఇది. బొమ్మ తెర మీద ఉండిపోదు. అది క్షణక్షణం పోతూనే ఉంటుంది. పోకముందే మళ్ళీ గీసే చిప్పు ఒకటి లోపల ఉంటుంది. కరెంటు పోతే గీసేవాడు ఆగుతాడు, బొమ్మ పోతుంది. మీరు అడిగిన ప్రశ్నే సరైనది. నేను చెప్పిందే తప్పు.

చివరగా మిత్రులకు ఒక విన్నపం. ఈ ఉత్సవం సందర్భంగా మన బడిలో కంప్యూటర్ గది కోసం కమిటీ విరాళాలు సేకరిస్తున్నది. నా వంతు ఇస్తున్నాను. దానితో పాటు రెండు కోరికలు. ఒకటి, ఆ గది తాళంచెవి పిల్లల చేతికి కూడా అందాలి. నాకు ఆ పదకొండు రోజులు దొరికింది మామ చేతిలో తాళంచెవి ఉన్నందువల్లే. వరుసలో నిలబడి చూసిపోయిన ఆ బడి పిల్లలకు దొరకలేదు. యంత్రం పాడైతే బాగు చేయించుకోవచ్చు. గుడ్డ కప్పి కాపాడిన యంత్రం కూడా పదేళ్ళకు పాతదవుతుంది. రెండు, ఒక బల్ల మీద మూత విప్పిన పాత కంప్యూటర్ ఒకటి, పాత టీవీ ఒకటి, గ్రాఫు కాగితాల కట్ట ఒకటి పెట్టాలి. పాత బీబీసీ మైక్రో ఒకటి నా దగ్గర ఉంది, ఇంకా పనిచేస్తుంది. అది బడికి ఇస్తున్నాను. టీవీ ఎవరి అటక మీదన్నా ఉంటే దించండి. దాని వెనక మూత మాత్రం పిల్లలతో విప్పించవద్దు. లోపల వేల వోల్టులుంటాయి, ఆపిన తరువాత కూడా కొంతసేపు నిలిచే ఉంటాయి.

ఉత్సవం నాడు మధ్యాహ్నం భోజనాల తరువాత నేను అక్కడే ఉంటాను. పిల్లలు ఎవరైనా వస్తే మొదట సున్న చేద్దాం. 60, 66, 129, 129, 129, 129, 66, 60. తరువాత వాళ్ళ పేర్లు.

– 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి